ఎడమచేతి మడతలు

ఆ అపార్టుమెంటు మెట్ల కింద ఒక కుళాయి ఉంది. దానికి చిన్న తాళం. పొద్దున కార్లు కడగడానికి, సాయంత్రం కుండీల్లో మొక్కలు తడపడానికి వాచ్‌మన్ ఆ తాళం తీస్తాడు, పనయ్యాక మళ్లీ వేస్తాడు. ఆ కుళాయి పక్కనే బల్ల వేసుకుని ఆ ఇళ్లన్నిటి బట్టలూ ఇస్త్రీ చేసే మనిషి మాత్రం, బట్టల మీద చిలకరించే నీళ్లు కూడా ఇంటి నుంచే డబ్బాలో మోసుకొచ్చుకోవాలి.

"కుళాయి ఒకసారి అలవాటు చేస్తే ఇక ఆగదమ్మా" అన్నారు సెక్రటరీగారు మొదట్లోనే. కార్లకు అలవాటైంది కదా అని అడగవచ్చు. ఆమె అడగలేదు. నీళ్లలో ఉంటూ మొసలితో వైరమెందుకని ఊరుకుంది. అక్కడ నీళ్లు కూడా మొసలివే.

అందరూ ఆమెను ఇస్త్రీ అక్క అంటారు. ఆమె బల్ల కింద, బొగ్గుల బస్తాకు ఆనుకుని ఒక నల్లకుక్క పడుకునేది. బస్తా ఏదో కుక్క ఏదో తెలియదని దానికి బొగ్గు అని పేరు పెట్టింది. దాని ఎడమ చెవి కొస కత్తిరించినట్టు తెగి ఉండేది. ఎవడో పాపిష్టివాడి పని అనుకుని, ఆ చెవినే ఎక్కువ నిమిరేది.

ఒక ఆదివారం సాయంత్రం టీవీలో వీధికుక్కల మీద డాక్యుమెంటరీ వచ్చింది. ఆమెకు బొమ్మ కనబడలేదు. మాట మాత్రం అన్ని కిటికీల్లోంచీ ఒక్కసారే ఆమె నెత్తిన రాలింది. అరుపులు, ఒక పిల్లవాడి ఏడుపు, నోటి వెంట నురగ, నీళ్లంటే భయం, చావు. మధ్యలో ప్రకటనలు వచ్చేసరికి ఒక్కో కిటికీలో చానల్ మారిపోయింది, కంచాల చప్పుడు మొదలైంది. మూడో అంతస్తులో ఒక్క టీవీ మాత్రం అదే కార్యక్రమం చెబుతూ పోయింది. అప్పటికి ఆమె పెట్టె చల్లార్చి వెళ్లిపోతోంది.

మర్నాడు బట్టల మూటలతో పాటు మాటలూ దిగాయి.

రెండో అంతస్తు కోడలు మూటను బల్ల మీద పెట్టకుండా దూరం నుంచే విసిరింది. "అక్కా, నిన్న టీవీలో చెవి తెగిన కుక్కల్ని చూపించారు. అచ్చం నీ బొగ్గే."

"చెవి తెగితే ఏమవుతుందట?"

"ఏమో, అప్పుడే ప్రకటనలొచ్చాయి. మంచిదైతే అలా దగ్గరగా చూపిస్తారా?"

నాలుగో అంతస్తు ఇంజినీరు మెట్ల మీదే ఆగిపోయాడు. "పిచ్చి లోపల్లోపలే ముదురుతుందట అక్కా. పైకి బుద్ధిమంతుడిలాగే ఉంటుందట. ఆ లెక్కన మా మేనేజరుకి ఎప్పుడో ముదిరుండాలి." తన హాస్యానికి తనే నవ్వుకుని, గోడకు రాసుకుంటూ వెళ్లిపోయాడు.

సెక్రటరీగారు నవ్వలేదు. "చూడమ్మా, ఈ వారంలో కుక్క పోవాలి. ఎవరినైనా కరిచిందని తెలిసిన రోజు కుక్కా ఉండదు, నీ బల్లా ఉండదు."

ఆయన వెళ్లాక వాచ్‌మన్ చీపురు ఆపి గొంతు తగ్గించాడు. "అక్కా, అన్నంలో కలిపేదేదో తెమ్మన్నారు నన్ను. ఇంకా తేలేదులే."

ఆ 'ఇంకా' అన్న మాట వినగానే ఆమె పెట్టె పక్కన పెట్టేసింది.

ఎవరు ఏం పెట్టినా తినకుండా ఉండాలని, పాత దుప్పటి చింపి తాడు పేని, బొగ్గును బల్ల కాలికి కట్టేసింది. పుట్టి బుద్ధెరిగాక మెడకు తాడెరగని కుక్క అది. మొదట మూలిగింది, తరువాత అరిచింది, ఆ పైన దారిన పోయేవాళ్లందరి మీదా మొరిగింది. "చూశారా, టీవీలో చెప్పినట్టే" అన్నారు పైనుంచి. రెండో రోజు తాడు దాని ముందరికాలికి మెలిపడి బిగుసుకుపోయింది. విప్పబోయిన ఆమె చేతిని నొప్పితో కొరికేసింది.

కుడిచేతి బొటనవేలి కింద రెండు గాట్లు. రక్తం కారుతుంటే ఆమె ముందు చూసింది చేతి వైపు కాదు, కిటికీల వైపు. ఎవరూ లేరు. డబ్బాలో మిగిలిన నీళ్లు పోసుకుని, గుడ్డపీలిక చుట్టేసింది. బొగ్గు చెవులు వాల్చి బస్తా వెనక దాక్కుంది.

అడిగినవాళ్లకు "ఇస్త్రీ పెట్టె చురుక్కుమంది" అంది. ఇంట్లో కూతురికీ అదే చెప్పింది. ఇస్త్రీ చేసే చేతికి కాలడం కొత్తేముంది, అందరూ నమ్మారు.

చెబితే కుక్క పోతుంది, బల్ల పోతుంది. చెప్పకపోతే? కిటికీల్లోంచి రాలిన మాటలు ఒక్కొక్కటే మళ్లీ చెవిన పడసాగాయి. గ్లాసులో నీళ్లు పోసుకుని, తాగకుండా వాటి వంకే చూస్తూ కూర్చునేది. గుటక పడకపోతే చెమట పట్టేది. పడితే, రేపు పడుతుందో లేదో అని చెమట పట్టేది.

పెట్టె ఎడమచేతికి మారింది. పని ఆగలేదు.

రెండు రోజులకు మూడో అంతస్తు మామ్మగారు మెట్ల ఊచలు పట్టుకుని, మడత చీరొకటి చంకన పెట్టుకుని దిగి వచ్చారు. "ఏమే, ఇన్నేళ్లలో నీ మడత ఒక్కసారి తప్పలేదు. నిన్నటి నుంచి చీరలన్నీ ఎదురు మడతలే వస్తున్నాయి. ఎడమచేత్తో చేస్తున్నావు. ఆ చేతికేమైంది?"

"పెట్టె తగిలి కాలింది మామ్మగారూ."

మామ్మగారు గుడ్డ విప్పి చూశారు. "పెట్టెకు పళ్లెప్పుడు మొలిచాయే?"

ఇస్త్రీ అక్క ఆవిడ కాళ్ల దగ్గర కూలబడింది. "ఎవరికీ చెప్పకండి. దాన్ని చంపేస్తారు."

"మరి నువ్వు?"

ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు. "భయంగా ఉంది మామ్మగారూ. నీళ్లు గొంతు దిగట్లేదు. భయం వల్లో, అదే వచ్చిందో తెలియట్లేదు."

"ఏడవకు. ఆ కార్యక్రమం నేను చివరిదాకా చూశాను. శ్రద్ధ ఉండి కాదు, రిమోట్ పాడై. ఆ చెవి కోసింది డాక్టర్లే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేశామని గుర్తు. అలాగని నీకు సూది తప్పదు. కరవగానే సబ్బు పెట్టి, పారే నీళ్ల కింద పావుగంట కడగాలి. వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఆ ముక్క చెప్పే వేళకు ఈ కొంపలో అందరూ అన్నాలకు లేచారు." ఆవిడ వాచ్‌మన్ వైపు తిరిగారు. "తాళం తియ్యి."

"సెక్రటరీగారు..."

"ఆయనతో నేను మాట్లాడతాను. కారు కడిగితే లేని నష్టం మనిషి చెయ్యి కడిగితే వచ్చిందా?"

కుళాయి తిరిగింది. పారే నీళ్లను చూడడానికి ఆమె భయపడింది, అయినా చూసింది. మామ్మగారే సబ్బు రుద్దారు. చివర్లో ఆమె ఎడమ అరచెయ్యి పట్టి ఒక గుక్క తాగింది. దిగింది.

ఆస్పత్రిలో నర్సు తిట్టింది. "ఇన్ని రోజులు దాస్తారా అమ్మా? ఇకనైనా ఒక్క సూది కూడా మానకండి." గాయంలో ఒకటి, భుజంలో ఒకటి వేశారు. మిగతావాటికి ఎప్పుడు రావాలో చెప్పారు. కరిచిన నాటి నుంచి పది రోజులు కుక్కను కళ్లెదుటే ఉంచుకుని చూడమన్నారు. డాక్టరు మాట కాబట్టి సెక్రటరీగారు ఆ పది రోజులకూ ఒప్పుకున్నారు. ఆ తరువాత చూద్దామన్నారు.

ఇప్పుడు ఆమె పొద్దున్నే నిప్పు రాజేయడానికి ముందు గిన్నెలో నీళ్లు పోసి బొగ్గు ముందు పెడుతుంది. అది వాసన చూస్తుంది. తాగడం మొదలుపెట్టేదాకా ఆమె అగ్గిపెట్టె ముట్టదు. కుళాయికి తాళం ఇంకా వేలాడుతోంది గాని, వాచ్‌మన్ దాన్ని నొక్కడం మానేశాడు.

మీ ఇంటి బట్టలు మడిచే చేతుల్ని, గిన్నెలు తోమే చేతుల్ని ఇవాళ ఒకసారి చూడండి. కట్టు కనబడితే ఏమైందని అడగండి. కాలిందంటే ఇంకోసారి అడగండి. కుక్కకాటని తేలితే, ఎన్ని రోజులైనా సరే, ముందు కడిగించి, వెంటనే మీరే ఆస్పత్రికి తీసుకెళ్లండి. చెప్పినందుకు పని పోదని ఆ మాట ముందే, అందరూ వినేలా చెప్పండి. మీ మెట్ల కింద కుళాయికి తాళముంటే, ఎవరో కరిపించుకునేదాకా ఆగకుండా, ఈరోజే తీయించండి.