కురవని చావిడి

మల్సూర్‌కు మేకలు కాయడం తప్ప మరో పని చేతకాదని అతని భార్య సోమమ్మ అనేది. అది అబద్ధం. కప్పెక్కి, ఏ పెంకు పగిలిందో ఏది జారిందో పట్టేయడంలో పాలకీడు చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. ఇచ్చిన మాట విడవని మొండితనం కూడా ఉంది. ఆ రెండూ కలిసే అతని కొంప ముంచాయి.

ఇరవై ఏళ్లుగా పీర్ల పండుగకు ఊళ్లో పెద్ద పీరు ఎత్తేది మల్సూరే. పక్కన నిలబడి ఫాతెహా చదివేది పీర్ల చావిడి బాగోగులు చూసే ముజావర్ మదార్ సాబ్. నలభై ఎనిమిదిలో సైన్యం వచ్చి నిజాం రాజ్యం పోయాక, ఊళ్లో ఉన్న రెండు ముస్లిం ఇళ్లూ భయంతో మూటాముల్లె సర్దుకున్నాయి. మిర్యాలగూడలో ఉన్న కూతురి దగ్గరికి బయలుదేరుతూ మదార్ సాబ్ పీర్ల చావిడి తాళంచెవి మల్సూర్ చేతిలో పెట్టాడు.

"తమ్మీ, పీర్లు పెట్టెల ఉన్నయ్. నేనొచ్చేదాంక సావిడి పోనియ్యకు."

"పోనియ్యనన్నా. నువ్వు జల్ది రా."

ఇక ఆగలేదు. మరుసటి ఎండాకాలమంతా చావిడి మీదే ఉన్నాడు. పెంకులన్నీ దింపి మళ్లీ పేర్చాడు. గోడలకు సున్నం కొట్టి, అడుగున ఎర్రమన్ను పట్టీ వేశాడు. సొంత ఇల్లు మాత్రం నాలుగు చోట్ల కురుస్తూనే ఉంది. సోమమ్మ చుక్కల కింద గిన్నెలు పెడుతూ తిట్టింది. నాకైతే ఆమె తిట్లే న్యాయంగా తోస్తాయి.

వానలు పడుతుండగా, రైతుల దగ్గర వసూలు చేసిన లెవీ వడ్లు దాచడానికి చోటు వెతుకుతూ ఒక అధికారి వచ్చాడు. పటేలు కొట్టం కురుస్తోంది. బడీ అంతే. చావిడిలో అడుగుపెట్టి తలెత్తి చూశాడు. ఒక్క చుక్క లేదు.

"ఇంత మంచిగ ఎవరు సూసుకుంటున్నరు?"

"నేనే దొరా!" అన్నాడు మల్సూర్, కాస్త గర్వంగానే.

అధికారి మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, తాళంచెవి తీసుకున్నాడు.

పీర్ల పెట్టెను మాత్రం తీసుకుపోనిచ్చారు. మల్సూర్ దాన్ని తన ఇంట్లో దూలానికి వేలాడదీసి, రెండు రోజులు అన్నం ముట్టలేదు. బాగుచేసి తనే పోగొట్టానని ఏడ్చాడు.

పండుగకు మదార్ సాబ్ వచ్చేసరికి చావిడి తలుపుకు సర్కారు సీలు ఉంది. మల్సూర్ తల దించుకుని జరిగిందంతా చెప్పాడు. ముసలాయన "పీర్లేడున్నయ్?" అని మాత్రం అడిగాడు.

ఆ యేడు పీర్లు మల్సూర్ ఇంటి నుంచే లేచాయి. నిప్పుల గుండం అతని వాకిట్లోనే తవ్వారు. తిట్టిన సోమమ్మే రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు చేసింది. చావిడి మాత్రం మళ్లీ చేతికి రాలేదు. వడ్లు పోయాక ఎరువులొచ్చాయి. ఇప్పుడు దాన్ని గోదాం అంటారు.

పండుగయ్యాక పెట్టెను మళ్లీ దూలానికి కడుతుంటే, కప్పు సందుల్లోంచి ఎండ దాని మీద పడటం మదార్ సాబ్ చూశాడు.

"ఊరందరి పెంకులు సదురుతవ్, తమ్మీ. నీ ఇల్లెందుకు గిట్ల ఇడిసిపెట్టినవ్?"

"ఉండనీ అన్నా," అన్నాడు మల్సూర్. "కురిసే ఇల్లు ఎవ్వలడగరు."