రైట్ బ్యాక్‌ను ముందుకు పంపిన మేడమ్

మా పీఈటీ మేడమ్ పోయారు. మొన్న మంగళవారం పొద్దున నేను డ్యూటీకి బయల్దేరుతుంటే స్వాతి ఫోన్ చేసింది. "మంజూ, మేడమ్ లేరే" అంది. నిద్రలోనే పోయారట. తర్వాత మాట ఎటు నుంచి ఎటు పోయిందో తెలియదు, ఐదు నిమిషాలకల్లా ఫోన్లోనే గట్టిగా వాదించుకుంటున్నాం. ఆ ఫైనల్లో రెండో గోల్‌కు ముందు స్వాతి కొట్టిన బంతి నేరుగా నా దగ్గరికే వచ్చిందా, మధ్యలో రిఫరీ కాలికి తగిలి వచ్చిందా అని! మా ఆయన వంటింట్లోంచి తొంగిచూసి, వచ్చింది చావు కబురో, కొట్లాటో అర్థంకాక అలాగే నిలబడిపోయాడు. ఆమెను తలుచుకుంటే మాకు అంతే. ఏడుద్దామని కూర్చున్నా కాళ్లు ఊరుకోవు.

తొంభైల చివర మేడ్చల్‌లో మేము చదివిన బడికి ఆమె యాప్రాల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. పొట్టి మనిషి. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, మెడలో ఈలతో ఉండేవారు. చిన్నప్పుడు కంటోన్మెంట్ మైదానాల్లో అన్నలు ఆడుతుంటే సున్నపు గీత బయట నిలబడి ఫుట్‌బాల్ నేర్చుకున్నారట. మిగతా బళ్లలో ఆడపిల్లలకు ఖోఖో ఉంటే, ఆమె పుణ్యమా అని మాకు ఫుట్‌బాల్ ఉండేది.

నాది దేవరయాంజాల్. టీమ్‌లో నేను రైట్ బ్యాక్. అంటే మా గోల్‌కు ముందు కుడివైపు కాపలా. అదే కుడి అంచున నా ముందు ఆడేది స్వాతి, రైట్ వింగర్. వాళ్లది భీమవరం వైపు. నాన్నగారి ఉద్యోగం కోసం వచ్చి కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. నాకేమో వెనకాల ఊరికే నిలబడటమంటే ఒళ్లు మంట. బంతి మా వాళ్లకు దొరికిందంటే చాలు, నేనూ ముందుకు ఉరికేదాన్ని. అక్కడ స్వాతి ఉండేది. ఇద్దరం గీత పక్కనే భుజాలు రాసుకుంటూ "నాకివ్వు, నాకివ్వు" అని అరిచేవాళ్లం.

ఒకరోజు మేడమ్ ఈల ఊది ఆట ఆపేశారు. నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చారు.

"గీడ మీరెంతమంది ఉన్నరే?"

"ఇద్దరం మేడమ్."

"మిమ్మల్ని కాసెటోళ్లు?"

"ఒక్కతే."

"మరి ఇద్దరు ఒక్క తొవ్వల నిలబడి ఆ పిల్లకు పని తక్కువ జేస్తున్నరా, ఎక్కువ జేస్తున్నరా?" అని, నా భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పారు. "ఇగ ఎన్కకు సూడు." చూశాను. మా గోల్ వరకు కుడివైపు మైదానమంతా ఖాళీగా పడి ఉంది. "చూసెటోళ్లు బంతినే చూస్తరు. నువ్వు ఇడిసిపెట్టి వచ్చిన జాగను నువ్వే చూడాలె" అన్నారు.

ఇక నన్ను ముందుకు పోవద్దంటారనుకుని ఏడుపు మొహం పెట్టాను. "పోవద్దని ఎవలన్నరే? ఎప్పుడు పోవాలెనో తెల్సుకో అన్న. స్వాతి బంతి తీస్కొని లోపలికి మర్లిందనుకో, ఆమెను కాసె పిల్ల గూడ ఎంబడి పోతది. అప్పుడు తొవ్వ ఖాళీ. బయటి నుంచి నువ్వు జల్దీ పో. నువ్వు పోయినవంటె స్వాతి నీ జాగకు రావాలె."

ఇక్కడే అడ్డం తిరిగింది స్వాతి. "నేనెందుకు వెనక్కి రావాలి మేడమ్? నేను గోల్స్ కొట్టేదాన్ని కదా!"

మేడమ్ కోప్పడలేదు. "మంచిది. ఇగ వారం రోజులు మీ ఇద్దరి జాగలు మారుస్తున్న" అన్నారు.

ఆ వారం నాకు పండగే. ముందు నిలబడి బంతి కోసం చేతులూపడమే పని. నా వెనక స్వాతి మీదికి ఒకేసారి ఇద్దరేసి వచ్చి పడుతుంటే నేను తిరిగి కూడా చూడలేదు. మూడో రోజు అది చెంపలు కందిపోయి వచ్చి నా రెక్క పట్టుకుంది. "ఏంటే, నేను చస్తుంటే నువ్వక్కడ బొమ్మలా నిలబడ్డావ్?" అంది. ఆ మాట నోట్లోంచి వచ్చాక తనే ఆగిపోయింది. నాకూ నవ్వాగలేదు. ఎందుకంటే నెల రోజులుగా నేను దాన్ని తిట్టుకుంటున్న మాట అదే. గీత బయట మేడమ్ మాత్రం ఏమీ విననట్టు బూటు లేసు కట్టుకుంటున్నారు.

ఆ తర్వాత మా ఆట మారిపోయింది. నేను కదిలితే స్వాతి ఆగేది, స్వాతి లోపలికి మళ్లితే నేను బయటి నుంచి ఉరికేదాన్ని. నేను పైకి వెళ్తే ఎడమవైపు బ్యాక్ అనిత తన అంచు వదిలి నడిమధ్యకు జరిగేది. చెప్పుకోకుండానే ముగ్గురం అలా జరుగుతుంటే ఎంత హుషారుగా ఉండేదో! అలా గెలుస్తూ గెలుస్తూ ఫైనల్‌కు వచ్చేశాం.

అప్పుడే మా బాపు వద్దన్నాడు. మేడమ్ ఒక ఆదివారం నేరుగా మా ద్రాక్షతోటకే వచ్చారు. బాపు కత్తిరింపుల్లో ఉన్నాడు.

"పదో తరగతి పిల్ల టీచరమ్మా. నలుగుట్ల గా ఉరుకుడేంది?"

"అన్నా, మీ బిడ్డ ఎన్కనే ఉంటది. గోల్ కాడ కాపల."

కాపలా అనే మాట బాపుకు నచ్చింది. "సరె తియ్. గీ ఒక్క ఆట. గదైనంక బంద్."

"మీరే వచ్చి సూడుండ్రి" అన్నారు మేడమ్. తోట దాటాక నేను ఆమె మొహం వంక చూస్తే, "అబద్ధం చెప్పలే. ఎప్పుడూ ఎన్కనే ఉంటదని అన్ననా?" అన్నారు గొంతు తగ్గించి.

ఫైనల్ శామీర్‌పేటలో. అవతల పట్నం వైపు బడి పిల్లలు, మాకంటే జానెడు పొడుగు. వాళ్ల లెఫ్ట్ వింగర్, రెండు జడల పిల్ల, గాలిలా ఉరికేది. నన్ను దాటాల్సింది ఆమే. బాపు తలకు తువ్వాలు చుట్టుకుని గీత పక్కనే నిలబడ్డాడు. నాకు ఆయనే కనిపిస్తున్నాడు. అన్నీ మరిచిపోయి మొదటి పావుగంటలోనే ముందుకు ఉరికాను. అదే ఊపులో స్వాతీ ఉరికింది. బంతి పోయింది. మేము తిరిగి చూసేసరికి రెండు జడలు మా గోల్ ముందున్నాయి. ఒకటి సున్నా.

హాఫ్‌టైమ్‌లో మేడమ్ అందరికీ నిమ్మబద్దలు పంచి నా పక్కన కూర్చున్నారు. తిడతారనుకున్నాను.

"ఇన్నవా? మొదటి మూడుసార్లు పోకు. తొవ్వ కనబడ్డా పోకు. నువ్వు రావని ఆ జడల పిల్ల బేఫికర్ అయితది, నీ ఎంబడి పడుడు బంద్ జేస్తది. నాలుగోసారి పో."

ఒకసారి తొవ్వ తెరుచుకుంది. పోలేదు. రెండోసారి. మూడోసారైతే స్వాతి వెనక్కి తిరిగి మరీ చూసింది. పళ్లు బిగపట్టి నిలబడ్డాను. నాలుగోసారి స్వాతి లోపలికి మళ్లగానే ఉరికాను. రెండు జడల పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూనే ఉంది! నేను చివరి గీత దాకా వెళ్లి కొట్టిన బంతిని మా ఫార్వర్డ్ లోపలికి నెట్టేసింది. ఒకటి ఒకటి. "ఎన్కకు రా బిడ్డా! కాపలున్నవ్ నువ్వు!" అని బాపు ఒకటే కేకలు.

ఇక ఆట ముగుస్తుందనగా మళ్లీ వెళ్లాను. ఈసారి బంతి వాళ్లకు చిక్కింది. ఒక్క తన్నుతో నేను వదిలొచ్చిన జాగాలోకి వచ్చిపడింది. రెండు జడల పిల్ల ఉరుకుతోంది. నేను ముప్పై అడుగులు వెనక. అయిపోయిందనుకున్నాను.

అప్పుడు కనిపించింది స్వాతి. అక్కడ, నా జాగాలో. నేను కదలగానే వెనక్కి వచ్చేసి ఉంది. ఎర్రమట్టిలో అడ్డంగా జారి బంతి లాక్కుంది. లేస్తూనే అంచు వెంట ముందుకు కొట్టింది. రిఫరీ కాలికి తగిలిందో లేదో గానీ, బంతి నా ముందుంది, ఎదురుగా ఎవరూ లేరు. గీత వెంట నాతోపాటు తువ్వాలు ఊపుకుంటూ బాపు ఉరుకుతున్నాడు. "పో బిడ్డా! పో! ఆగకు!" ఈసారి ఆగలేదు. కళ్లు మూసుకుని తన్నాను. గోల్‌కీపర్ చేతులకు తగిలి మరీ లోపలికి పోయింది. నా జీవితంలో మొదటి గోల్!

అందరూ నా మీద పడ్డారు. మేడమ్ మాత్రం మైదానం అవతలి చివరికి నడిచి వెళ్లి, మట్టి కొట్టుకుపోయి కూర్చున్న స్వాతిని లేపి, తన కొంగుతో దాని మోచేయి తుడిచారు. "గోల్ గీడ పడ్డది" అన్నారు. స్వాతి అప్పుడు ఏడ్చింది. ఇప్పుడు దాని కూతురికి ఆ మాట వారానికోసారి చెబుతుందట.

బంద్ అన్న బాపు ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు. ఇంటర్ అయ్యేదాకా ఆడాను. ఇప్పుడు మేడ్చల్ డిపోలో కండక్టర్‌ను. నిండు బస్సులో అటు నుంచి ఇటు జొరబడుతుంటే ఎక్కడ జాగా ఉందో నా కళ్లకు ముందే తెలుస్తుంది. అది ఆమె పెట్టిన చూపే. రిటైరయ్యాక కూడా టీవీలో మ్యాచ్ వస్తే ఫోన్ చేసేవారు. "సూసినవా? ఇద్దరికిద్దరు బ్యాకులు ఒక్కపారే పోయిండ్రు. గీళ్లకు చెప్పెటోళ్లు లేరా?" అని ఆ ఆటగాళ్ల మీద పరేషాన్ అయ్యేవారు.

చివరిసారి చూసింది పోయిన నెలలో, యాప్రాల్‌లోనే. మోకాళ్లు అరిగిపోయి వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. ఇంటి పక్క ఖాళీ ప్లాటులో కాలనీ ఆడపిల్లలు బంతి ఆడుతున్నారు. "సూద్దాం పా" అని నన్ను వెంటబెట్టుకుని గేటు దాకా వచ్చారు. వాళ్లలో వెనక కాపలా ఉన్న చిన్నపిల్ల ఉన్నట్టుండి అంచు వెంట ముందుకు కదిలింది. మా ముందు నుంచే దుమ్ము రేపుకుంటూ ఉరికింది. పక్కన చప్పుడైతే తిరిగి చూశాను. మేడమ్ వాకర్ ఎత్తి ముందుకు వేశారు. ఒక అడుగు. ఇంకో అడుగు. ఆ పిల్ల వెళ్తున్న దిక్కే.