జేజి కమ్మ పోయిన సాయంత్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పడకగది అని వేరే ఉండేది కాదు. ఇటిక్యాల దగ్గరి పల్లెలో రెండు గదుల మట్టి ఇల్లు మాది. ముందు గదిలో పొయ్యి, వెనక గదిలో మేము. నాయన, అమ్మ, నేను చాపల మీద, మా జేజి నులక మంచం మీద పడుకునేవాళ్ళం. జేజి అంటే మా నాయనకు తల్లి. మనుషులతో పాటు ఆ గదిలోనే జొన్నల కుండలు, గోడ వారగా మరుసటి వానలకు దాచిన రెండు బస్తాల పల్లి విత్తనం ఉండేవి. రాత్రి ఎవరైనా పక్కకు ఒత్తిగిలితే మిగతావాళ్ళకు తెలిసిపోయేంత చోటు.

నాకు అప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. బడికి పోలేదు కానీ బడి సారు ఇంటికి మాత్రం రోజూ పోయేదాన్ని, వాకిలి ఊడ్చడానికి. సారు భార్యను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె దగ్గర ఒక తెల్లటి కుందేలు ఉండేది. మా వైపు దాన్ని చెవులపిల్లి అంటాం. నేను చీపురు పట్టుకొని లోపలికి పోగానే అది ముక్కు కదిలిస్తూ నా కాళ్ళ దగ్గరికి వచ్చేది. వాళ్ళకు కల్వకుర్తి వైపు బదిలీ అయినప్పుడు, సామాన్లు బండికెక్కించిన తరువాత, అక్క ఆ చెవులపిల్లిని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. దానితో పాటు అది పడుకునే పాత గోనె ముక్క కూడా ఇచ్చింది. రాత్రిపూట బయట ఉంచవద్దని, తమ మంచం పక్కనే పడుకొని దానికి అలవాటని చెప్పింది.

ఆ మాట మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు. మొదటి రాత్రి దాన్ని వాకిట్లో కోళ్ళ గంప కింద పెట్టి పైన రాయి ఉంచాం. తెల్లారి లేచి చూస్తే గంప పక్కకు దొర్లిపోయి ఉంది, చుట్టూ కుక్క కాళ్ళ గుర్తులు. నాకు ఏడుపు ఆగలేదు. చివరికి అది కట్టెల మోపు సందులో దొరికింది. బయటికి తీస్తే దాని గుండె నా అరచేతిలో ఎంత వేగంగా కొట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది.

ఇక ఇంట్లోనే పడుకోబెడతానని పట్టుబట్టాను. అమ్మ ఒప్పుకోలేదు. "మనకే కాళ్ళు చాపేతందుకు జాగ లేదు. దానికి యాడికెల్లి తేవాలె?" అంది. నాయన భయం జాగ గురించి కాదు, విత్తనం గురించి. బస్తా కొరికి గింజ పాడైతే ఆ ఏడు మా చేను బీడే. ఆయన చాలాసేపు నా ముఖం చూసి ఒక మాట అన్నాడు.

"సరే, ఇయ్యాల ఒక్క రాత్రి చూస్త. పొద్దుగాల బస్తాకు ఒక్క పంటిగాటు కనపడ్డా సంతకు పట్కపోత. మల్ల ఏడిస్తె వినను."

సంతలో చెవులపిల్లిని పెంచుకోవడానికి కొనేవాళ్ళు ఉండరని, కూరకే కొంటారని నాకు తెలుసు.

నాయన, అమ్మ చేనికి పోయారు. నేను పొద్దంతా ఆలోచించి, సాయంత్రానికి మేకను కట్టే తాడు ఒకటి తెచ్చాను. ఒక కొస మంచం కోడుకు, ఇంకో కొస చెవులపిల్లి మెడకు. కడుతుంటే గడపలో కూర్చొని చింతపండు గింజలు తీస్తున్న జేజి చూసింది.

"ఏందే అది?"

"కట్టేస్తున్న జేజీ, బస్తాల కాడికి పోకుండ."

"అది మేకనా?"

"మేక కంటె చిన్నదే గద. ఇంకా జల్ది ఆగుతది."

జేజి నవ్వి ఊరుకుంది. కట్టవద్దని అనలేదు. అయితే కాసేపటికి చెవి తడుముకుంటూ అయ్యో అని కేక పెట్టింది. "నా కమ్మ పోయిందే! లోపల్నే యాడనో పడ్డది. జర దేవులాడు బిడ్డా."

జేజికి ఒంటి మీద ఉన్న బంగారమంతా ఆ రెండు కమ్మలే. నేను చెవులపిల్లిని వదిలేసి గదంతా తిరిగాను. చాపలు దులిపాను, నడుము వంచి మూలలు చూశాను. లేదన్నాను.

"గట్ల కొంగ లెక్క నిలబడి చూస్తె కనపడ్తదా? బోర్ల పండు. చెంప నేలకు ఆనిచ్చి చూడు" అంది జేజి.

పడుకున్నాను. పేడతో అలికిన నేల చెంపకు చల్లగా తగిలింది. పుట్టినప్పటి నుంచి ఉంటున్న గదే, కానీ ఎప్పుడూ చూడని చోటులా అనిపించింది. మంచం కింద చీకటి, అందులో వేలాడుతున్న నులక పోగులు. బస్తాలు గుట్టల్లా ఉన్నాయి. ఒక బస్తా అడుగు మూలన కుట్టు విడిపోయి నాలుగు పల్లికాయలు బయటికి వచ్చి ఉన్నాయి. ఎన్నాళ్ళ నుంచో కనబడటం లేదని అమ్మ వెతుకుతున్న దబ్బనం మొన పైకి లేచి మెరుస్తోంది. నిలబడి చూస్తే వీటిలో ఒక్కటీ కనబడలేదు. ఇంకొంచెం ముందుకు పాకాను. బస్తాల వెనక, గోడకు బస్తాకు మధ్య సందులో, నిమ్మకాయంత పిండి ముద్ద ఒకటి ఉంది.

"జేజీ, ఈడ ఎవరో ఉండ పెట్టిన్రు" అంటూ చెయ్యి చాపాను.

"ముట్టకు!"

మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకొని లేచే మా జేజి, అంత వేగంగా నడవడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. నన్ను కాళ్ళు పట్టి వెనక్కి లాగింది. కట్టెతో ఆ ముద్దను బయటికి తోసి మోదుగాకులోకి ఎత్తింది. ఎలుకల మందు కలిపిన పిండి అది. విత్తనం బస్తాలు పెట్టిన రోజు నాయన పెట్టి మరిచిపోయాడు. ఆ సంగతి జేజికీ తెలియదు, ఉండ అనగానే ఎలుకల మందేమోనని పరుగెత్తుకొచ్చింది. తరువాత మంచం కోడుకు కట్టిన తాడు అందుకొని నేల మీద సాగదీసి చూసింది. దాని కొస సరిగ్గా ఆ సందు దాకా వచ్చింది.

జేజి తాడు విప్పి వాకిట్లోకి విసిరేసింది. చెవులపిల్లిని ఒళ్ళోకి తీసుకొని, మూసిన ఎడమ గుప్పిటను నా ముందు తెరిచింది. అందులో కమ్మ ఉంది.

"నీ చేతిలనే పెట్టుకొని నన్ను గింతసేపు దేవులాడిపిచ్చినవా?" అని కోపంగా అడిగాను.

"చూడు అంటె నువ్వు చూస్తవా? పోయింది అంటె చూస్తవు" అంది. "అది నీ పక్కల పండాలె అన్నవు. ఇల్లు దానికి ఎట్ల కనపడ్తదో జర చూస్తవని తీసిన. గీ మందు సంగతి నాకు మాత్రం ఏం ఎరుక బిడ్డా."

పొద్దంతా నేను ఆలోచించింది ఒక్కటే, చెవులపిల్లి మా గదిని ఏం చేస్తుందోనని. మా గది చెవులపిల్లిని ఏం చేయగలదో నాకు తట్టనే లేదు.

నాయన చేని నుంచి రాగానే జేజి మోదుగాకు ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. రాత్రి నేను పడుకునే చాప ఆ సందుకు రెండు మూరల దూరంలో ఉంది. "నేనే పెట్టిన, మర్చిపోయిన" అని మాత్రం అని, పార తీసుకొని దూరంగా పోయి దాన్ని లోతుగా పూడ్చి వచ్చాడు. తరువాత ఎవరూ చెప్పకుండానే బండలు తెచ్చి, వాటి మీద చెక్క పలక వేసి బస్తాలు పైకెత్తాడు. విడిపోయిన కుట్టు అమ్మ ఆ దబ్బనంతోనే కుట్టింది. అంతా అయ్యాక నాయన కూడా నేల మీద బోర్లా పడుకొని, దీపం పక్కన పెట్టుకొని, మూల మూలా చూడటం మొదలుపెట్టాడు.

"ఏంరా, నీ కమ్మ గూడ పోయిందా?" అంది జేజి మంచం మీద నుంచి. అమ్మ నవ్వు ఆపుకోలేక చెంగు అడ్డం పెట్టుకుంది.

ఆ రాత్రి అక్క ఇచ్చిన గోనె ముక్కను నా చాప పక్కన పరిచి, పైన గుప్పెడు గరిక వేశాను. కాపలా కాస్తానని అందరికీ చెప్పి, అందరికంటే ముందు నిద్రపోయాను. లేచేసరికి చెవులపిల్లి గోనె ముక్క మీదనే కాళ్ళు చాపి పడుకొని ఉంది. నాయన బస్తాల ముందు గొంతుక్కూచొని చుట్టూ తడిమి చూస్తున్నాడు. ఎక్కడా గాటు లేదు. అయితే జేజి చీర చెంగు మంచం పట్టె మీద నుంచి కిందికి వేలాడుతోంది, దాని కొసన అరచేతంత బట్ట లేదు. జేజి చప్పున దాన్ని లాగి నడుములో దోపుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాయన చూడనే చూశాడు.

"చెంగు ఎలుక కొరికినట్టుందమ్మా" అన్నాడు. "మందు తీసేస్తిమి గద, ఇగ కొరుకుతయి."

చెవులపిల్లి తరువాత మూడేళ్ళు మా మధ్యనే పడుకుంది.

నాకు అక్షరాలు చాలా ఆలస్యంగా వచ్చాయి. మనవరాలు పుట్టిన తరువాత, మా వాడలో సాయంత్రం పూట చదువు చెప్పడానికి ఒక అమ్మాయి వచ్చేది. అంతకు ముందు ఒకాయన ఎదురుగా నిలబడి చెప్పేవాడు, నాకు ఎక్కేది కాదు. ఈ అమ్మాయి నా పక్కన కింద కూర్చొని, నా భుజం మీదుగా పలక చూసి, నీకు ఇక్కడ అక్షరం తిరగబడుతోంది కదా పెద్దమ్మా అంది. ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో కానీ నాకు మాత్రం మా జేజి గుర్తొచ్చింది.

ఇప్పుడు వనపర్తిలో కొడుకు ఇంట్లో ఉంటున్నాను. మొన్న మనవరాలికి వాళ్ళ మేనమామ ఒక తెల్ల కుందేలును తెచ్చి ఇచ్చాడు. రాత్రి తన గదిలోనే పడుకోబెడతానని, గది శుభ్రంగా ఉందని, కావాలంటే చూసుకోమని అంది. నేను గడపలో నిలబడి చూశాను. నిజంగానే శుభ్రంగా ఉంది. మెల్లగా చెవి కమ్మ ఒకటి తీసి గుప్పిట్లో పెట్టుకొని, అయ్యో అన్నాను.

మనవరాలు నిలబడి వెతికింది, వంగి వెతికింది. చివరికి దానితో పాటు నేను కూడా బోర్లా పడుకున్నాను. అప్పుడే మా కొడుకు లోపలికి వచ్చాడు. "అమ్మా! పడ్డవా?" అని పరుగెత్తుకొచ్చాడు. పడలేదు, చూస్తున్నానని చెప్పేసరికి వాడు తల పట్టుకున్నాడు. మంచం కింద గోడకు గుచ్చి వదిలేసిన ఫోను చార్జరు తీగ ఉంది. దాని అవతల, మంచం కోడు పక్కన, దుమ్ములో ఒక తెల్లటి గోలీ ఉంది. మనవరాలు దాన్ని తీసి చూపించింది. నా బీపీ గోలీ. వారం కింద ఈ గదిలోనే వేసుకోబోతే చేతిలో నుంచి జారింది, దొరకలేదని వదిలేసింది నేనే.

ఆ గోలీని చూస్తుంటే, మోదుగాకు ముందు నిలబడ్డ నాయన ముఖం కనబడింది. ఆ రోజు ఆయన అన్న మాటనే నేనూ అన్నాను, మరిచిపోయానని. మనవరాలు తీగ చుట్టి పైన పెట్టి, కుందేలు కోసం మంచం పక్కన పాత టవలు పరిచింది. నేను గుప్పిట తెరిచి కమ్మ చెవికి పెట్టుకున్నాను. మా జేజిదే ఆ కమ్మ. ఎవరినైనా దగ్గరకు తీసుకోవాలనుకున్నప్పుడల్లా నా చెయ్యి తెలియకుండానే దాని మీదికి పోతుంది, ముందు నేలకు చెంప ఆనించి చూశానా లేదా అని.