పొయ్యిలో పెట్టిన గొడ్డలి

మా చిన్నప్పుడు... చర్ల అవతల మా ఊళ్ళో, ఇంటి కప్పు దించేసి ఆకాశం కింద కాపురం చేస్తున్నాం. పాత వాసాలను చెదలు తినేశాయి. చేను గట్టున పడగొట్టిన రెండు తాటిచెట్లు చీల్చి కొత్తవి చెక్కాలి. "మిరుగు వానలు రాకముందే ఇంటి మీద పెంకు పడాలె. నా పిల్లల్ని మంది ఇంట్ల పండబెట్టేది లేదు" అని అమ్మ ఒకటే పట్టు.

పేచీ గొడ్డలి దగ్గర వచ్చింది... నాన్న సంతలో కొత్తది కొన్నాడు. పోత ఇనుముది. తేలిక, నున్నగా రంగేసి ఉంది, పట్టుకునే కర్ర, అదే కామ, కూడా బిగించే ఇచ్చారు. అమ్మకేమో పక్క ఊరి కమ్మరి తాత సాగగొట్టి చేసిన మా పాత గొడ్డలే గొప్ప. అది బరువు. రోజూ నూరాలి, నూనె రాయకపోతే తుప్పు.

"దానికి చేసే సేవ బర్రెకు చేస్తే పాలన్న ఇస్తది" అని నాన్న ఎగతాళి చేసేవాడు.

"చేసుకుంటెనే ఏదైనా మాట ఇంటది" అనేది అమ్మ.

నిజం చెప్పాలి, నాన్న గొడ్డలి మూడు రోజులు బాగానే నడిచింది. నాలుగో రోజు తాటి చేవ తగిలి అంచు పెచ్చుగా ఊడిపోయింది. ఇంకా సగం వాసాలు మిగిలాయి... పడమట మబ్బులు మొదలయ్యాయి.

పాత గొడ్డలి తీస్తే, ఎప్పుడో విరిగిన కామ ముక్క బెజ్జంలోనే ఇరుక్కుని ఉంది. ఎంత పొడిచినా రాలేదు. నాకప్పుడు పన్నెండేళ్ళు, తెలివి ఎక్కువ. అమ్మానాన్న చేనుకు వెళ్ళగానే గొడ్డలిని మొత్తం పొయ్యిలో దోపి నిప్పులు ఎగదోశాను. చెక్క కాలి బూడిదైంది... ఎంత మురిసిపోయానో! సాయంత్రం నాన్న కొత్త కామ బిగించి ఒక్క దెబ్బ వేశాడు. అంచు రేకులా మడతపడింది. నిప్పుల్లో పదును చచ్చిపోయిందట.

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ తిట్టలేదు. తెల్లారగానే రెండు గొడ్డళ్ళూ పట్టుకుని, నన్ను వెంటేసుకుని కమ్మరి తాత ఊరికి నడిచింది.

తాత పోత గొడ్డలిని పక్కన పెట్టేశాడు. "ఇది సమ్మెట దెబ్బకు పగుల్తది బిడ్డా, సాగదు." పాతదాన్ని చూసి మాత్రం నవ్వాడు. "బెజ్జం కాల్చేటప్పుడు అంచును తడిమట్టిల పూడ్చాలె, ఎర్కలేదా? ఏం గాదు తియ్... సాగగొట్టిన ఇనుము, మల్ల పదునుకొస్తది."

అమ్మ నా వైపు చూసి, "కాల్చింది నువ్వే గదా. కొలిమి గాలి చక్రం తిప్పు" అంది.

అరచేతులు బొబ్బలెక్కేదాకా తిప్పాను... అలసిపోయానని మాత్రం అనలేదు.

మళ్ళీ పదునెక్కిన పాత గొడ్డలితో నాన్న మిగిలిన వాసాలు చెక్కాడు, అయినా వాన మాకంటే ముందే వచ్చింది. ఒక గది మీద పెంకు పడింది, రెండోది తడిసింది. అమ్మ తడుస్తూనే పెంకులు అందించింది, నాన్న పేర్చాడు. మూడో రోజుకి కప్పు పూర్తయింది. మమ్మల్ని ఎవరింటికీ పంపలేదు.

ఇప్పుడు ఆ తాత లేడు, కొలిమీ లేదు. ఏది పాడైనా కొత్తది కొనుక్కోమంటారు... నేనూ కొంటున్నాను. మొన్న మా అమ్మాయి మిక్సీ కాల్చేస్తే ఇల్లెగిరిపోయేలా అరిచాను. అరిచాక సిగ్గేసింది. నెత్తి మీద కప్పు లేని రోజున కూడా అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు...

మీ చేతుల్లో పాడై, మళ్ళీ మీ చేతే బాగు చేయించిన వస్తువు ఏదైనా ఉందా? ఆ రోజు మిమ్మల్ని తిట్టకుండా ఊరుకున్నది ఎవరో... కాస్త చెప్పండి.