మూత బిగించిన ట్యూబు

మా ఆఫీసులో పేషెంట్లకు పేర్లుండవు, నంబర్లుంటాయి. ఎముక మూలుగులోంచి తీసిన నమూనా మా దగ్గరికి వచ్చేటప్పుడు మనిషి పేరు ఆసుపత్రిలోనే ఆగిపోతుంది, ట్యూబు మీద నంబరు మాత్రమే వస్తుంది. ఆ నంబర్లలో ఒకటి మా అక్కది. అది నాకు తెలియకూడదు. కానీ ఆ నంబరు స్టిక్కరు అంటించిన అక్క అంగీకార పత్రం మీద సాక్షి సంతకం పెట్టింది నేనే. ఒకసారి చూసిన నంబరును నా పాడు బుర్ర చచ్చినా మర్చిపోదు.

ఆ నంబరు జోలికి పోనని నాకు నేనే మాటిచ్చుకున్నాను. మూడేళ్లు ఎలాగో నిలబెట్టుకున్నాను కూడా. కానీ నిదానం నా ఒంట్లో లేదు. లిఫ్టు కోసం ఆగలేక ఆరంతస్తులు మెట్లెక్కి, పైకెళ్లాక రొప్పుతూ లిఫ్టును తిట్టుకునే మనిషిని.

కొండాపూర్ వైపు ఒక అద్దాల బిల్డింగులో నా పని. లుకేమియా కణాల్లో ఏ జన్యువులు జోరుగా పనిచేస్తున్నాయో, ఏవి ఊరకే పడున్నాయో కంప్యూటర్లో చూడాలి. పోయిన ఏడాది మా టీమంతా ఆక్సిజన్ తగ్గినప్పుడు మేలుకునే జన్యువుల వెంట పడింది. ఎముకల లోపల ఆక్సిజన్ మామూలుగానే తక్కువ. అంత తక్కువ గాలితో బతకడం ఎలాగో కణానికి ఈ జన్యువులే నేర్పుతాయి. జబ్బు కణాలకూ ఆ తెలివి అబ్బుతుంది. మందులు పడ్డప్పుడు అవి ఆ మూలల్లో దొరక్కుండా నక్కి, అంతా సర్దుకుందనుకున్నాక మళ్లీ బయటికొస్తాయా అన్నది మా ప్రశ్న.

ఒక మధ్యాహ్నం జవాబు దొరికిందనుకున్నాం. జబ్బు తిరగబెట్టినవాళ్ల నమూనాల్లో ఆ జన్యువుల జోరు ఎక్కువగా కనిపించింది. ఫ్లోరంతా చప్పట్లు, మేనేజరు మిఠాయి తెప్పించాడు. నా నోట్లో మైసూర్‌పాక్ ఉండగానే నా వేళ్లు అక్క నంబరు కొట్టేశాయి. జోరు ఎక్కువున్న నమూనాల జాబితాలో పైనుంచి నాలుగోది. అంటే అక్కకూ జబ్బు తిరగబెట్టొచ్చన్నమాట. మిఠాయి మింగానో ఉమ్మానో ఇప్పటికీ గుర్తు లేదు.

అక్క బోరబండలో బ్లౌజులు కుడుతుంది. చికిత్స అయిపోయి, జబ్బు తగ్గి, ఇక మూడు నెలలకోసారి వస్తే చాలని డాక్టరు చెప్పి అప్పటికి ఎంతో కాలం కాలేదు. మర్నాటి నుంచి నేను రోజూ ఆఫీసుకు ముందు ఆమె షాపుకు వెళ్లడం మొదలుపెట్టాను. పోయి ఏం చేసేదాన్ని? చేతుల మీద నల్లటి మచ్చలున్నాయేమోనని చూసేదాన్ని. పళ్లు తోముకుంటే రక్తం వచ్చిందా, జ్వరం చూసుకున్నావా, మెట్లెక్కితే దమ్మొస్తోందా అని వరసపెట్టి అడిగేదాన్ని. అక్క మొదట్లో నవ్వింది, తర్వాత విసుక్కుంది. ఒకరోజు కత్తెర కింద పెట్టింది.

"ఏందే, నన్ను చూడనీకి వస్తున్నవా, నా మీద కావలి ఉంటున్నవా?"

నిజం నోటిదాకా వచ్చింది. చెప్తే దొంగచూపు చూశానని ఒప్పుకోవాలి. అంతకంటే, ఆ మాట ఒకసారి ఆమె చెవిన పడితే మళ్లీ నిద్రపోదు. అందుకని చెప్పకుండా, మూలుగు పరీక్ష ఇంకోసారి చేయించుకొమ్మని వెంటపడ్డాను. రక్తం బాగుంది, అవసరం లేదని డాక్టరు అన్నారు. ఆయనతోనూ వాదించాను. ఆ సూది అంటే అక్కకు ఎంత భయమో నాకు తెలుసు. తుంటి ఎముకలోంచి లాగుతుంటే ప్రాణం తోడేసినట్టుంటుందని ఆమే చెప్పింది. అయినా వదల్లేదు. నెలరోజులు నస పెడితే చివరికి దిగొచ్చింది.

"నీ ఫికర్ పోతదంటే పొడిపిచ్చుకుంట. ఇగ మళ్ల అడగొద్దు."

సూది దిగేటప్పుడు అక్క అరవలేదు. నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగబడ్డాయి. ఏడ్చింది నేను. రిపోర్టుకు నాలుగు రోజులు పడుతుందన్నారు.

ఆ నాలుగు రోజులు కుర్చీలో కూర్చుంటే ఒట్టు. రెండో రోజు ఏం తోచక, మా బిల్డింగులోనే కింద ట్యూబులు తెరిచే ల్యాబుకు వెళ్లాను. అక్కడ కోస్తా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పనిచేస్తారు. ఊరికే ఉండలేక మా జాబితా ఆవిడకు చూపించాను. పైనున్న నంబర్లు ఒక్కొక్కటే వేలు పెట్టి చదువుకుని, కళ్లజోడు తీశారు.

"ఇవి చాలావరకు దూరం జిల్లాల నుంచి ఆలస్యంగా వచ్చిన ట్యూబులండీ, నేనే తెరిచాను. మీ జన్యువులు లేచింది పేషెంటు ఎముకలో కాదేమో, దారిలోనేమో చూసుకోండి."

మూత పెట్టిన ట్యూబులో కణాలు ఇంకా బతికే ఉంటాయని, ఉన్న కాస్త ఆక్సిజన్ వాడేసుకుని ఆపైన ఊపిరాడక కొట్టుకుంటాయని ఆవిడ విడమరిచి చెప్పారు. తక్కువ గాలికి లేచే జన్యువులు అప్పుడు లేవక ఇంకేం చేస్తాయి? దూరం జిల్లాల ట్యూబులు ఎక్కువసేపు ప్రయాణం చేస్తాయి. ఆ ఊళ్లవాళ్లు చికిత్సకు చేరేదీ ఆలస్యంగానే, అందుకే వాళ్లలో కొందరికి జబ్బు తిరగబెట్టి ఉండొచ్చు. రెండింటికీ మూలం ఆ దూరమే కావచ్చు. నమూనా తీసిన టైము మా కంప్యూటర్లో ఉంది. తెరిచిన టైము మాత్రం ఆవిడ కాగితం రిజిస్టరులోనే ఉంది. కంప్యూటర్లో లేనిది లోకంలోనే లేదనుకునే జాతి మాది, అడగాలని ఆరో అంతస్తులో ఒక్కరికీ తట్టలేదు. నాకు సిగ్గేసింది.

కానీ అక్కది దూరం జిల్లా కాదు. ఆసుపత్రి నుంచి ఇక్కడికి అరగంట దారి. మరి ఇదెందుకు పైనుందని ఆమె నంబరు చూపించాను. ఆవిడ మూడేళ్ల నాటి రిజిస్టరు తీశారు. నమూనా తీసింది ఉదయం పదిన్నరకు. తెరిచింది సాయంత్రం నాలుగూ పదికి. తెచ్చినవారు అన్న గడిలో నా సంతకం.

ఆ సంతకం ఎలా పడిందో గుర్తొచ్చింది. ఆరోజు ఆఫీసు వ్యాన్ పన్నెండుకు వస్తుందన్నారు. అంతసేపు ఆగడమా! ఎలాగూ ఆఫీసుకే కదా, నేనే పట్టుకెళ్తానని పెట్టె తీసుకున్నాను. తీరా బయటికొచ్చాక అక్క కుంటుతోంది. ముందు బోరబండలో దింపి పోదాం, ఎంతసేపని అనుకున్నాను. పడుకోబెట్టి, రెండు ముద్దలు పెరుగన్నం తినిపించాను. ఆమె నా మణికట్టు పట్టుకుని నిద్రపోయింది. విడిపించుకుంటే లేస్తుందని అలాగే కూర్చున్నాను. మంచం పక్కన పెట్టె, అందులో ట్యూబు. పాడవకూడదని మధ్యలో రెండో చేత్తో తీసి మూత ఇంకాస్త బిగించాను కూడా. ఆ తర్వాత వాన, కొత్తగూడ ఫ్లైఓవర్ కింద మోకాళ్లలోతు నీళ్లు.

ఆ రిజిస్టరు చూశాక ఆఫీసు అయ్యేదాకా కూడా ఆగలేదు, నేరుగా షాపుకు వెళ్లి అక్కకు మొత్తం చెప్పేశాను. నంబరు చూసినది, నెలరోజులుగా భయంతో చచ్చినది, ఆ సూది ఉత్తపుణ్యానికే పొడిపించినది. తిడుతుందనుకున్నాను. ఆమె మిషన్ ఆపి, ఇంకా నొప్పి తగ్గని తుంటి రుద్దుకుంది.

"నంబర్‌ను అడిగినవ్ గని, నన్ను అడగకపోతివి చెల్లె."

నేను కింద పడ్డ గుడ్డముక్కలు ఏరుతున్నాను. అప్పుడు తనే అడిగింది, ఆ రోజు తను నా చెయ్యి పట్టుకుని పడుకున్నంతసేపూ అక్కడ పెట్టెలో ఆ కణాలు దమ్ము లేక కొట్టుకున్నాయా అని. అవునన్నాను.

"గా దినం నువ్వు నన్ను ఇడిసి పోతవేమోనని భయమైంది నాకు. అందుకే గట్టిగ పట్టుకున్న."

రిపోర్టు బాగానే వచ్చింది. అయినా ఇప్పటికీ ఆమె నుంచి ఫోను రెండుసార్లు మోగి ఆగితే, ఆమె ఎత్తేదాకా తిరిగి చేస్తూనే ఉంటాను. ఆ రోగం నాకు తగ్గేది కాదు. ఆఫీసులో మిఠాయి తినిపించిన ఆ లెక్కంతా పక్కన పెట్టి, కింది ల్యాబు ఆవిడ రిజిస్టరు నుంచి ట్యూబులు తెరిచిన టైములన్నీ నేనే కంప్యూటర్లోకి ఎక్కించాను. పక్కన ఆలస్యానికి కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది. బస్సు దొరకలేదు, సెలవు రోజు, వాన అంటూ చకచకా కొట్టుకుంటూ పోయాను. అక్క నంబరు దగ్గర చేతులు ఆగాయి. వాన అని రాసి చెరిపేశాను. తర్వాత ఉన్నదే రాశాను: తెచ్చిన మనిషి పేషెంటు దగ్గర కూర్చుంది.