దవడ బిగుసుకోకముందే

మా ఉరవకొండ పళ్ళ డాక్టరు గారు పోయిన మంగళవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కూర్చున్న కుర్చీలోనే పోయారు. కబురు వచ్చేసరికి నేను ఊరికి దూరంగా ఒక చేలో బోరు వేయిస్తున్నాను. ఆ మోతలో ఫోన్ వినపడక గట్టు దాటి వెళ్ళాను. చేసింది డాక్టరు గారి భార్య. ఆమెను నేను అమ్మా అనే పిలుస్తాను. ఆమె ఏడవడం లేదు.

"సారు పోయినాడప్పా," అంది. నేను నోరు తెరిచే లోపలే, "పండ్లు గిన్నెలోనే ఉండాయి. బిరీన రా," అని పెట్టేసింది.

ఎవరైనా పోతే చుట్టాలను పిలుస్తారు, పురోహితుణ్ణి పిలుస్తారు. బోర్లు వేయించే ఏజెంటును ఎందుకు పిలిచిందో చెప్పాలంటే ఆయన గురించి కొంత చెప్పాలి. ఆయన దాచుకున్న సంగతి ఒకటి బయటపెట్టాలి. అమ్మే రాయమంది కనక రాస్తున్నాను. నా నోట్లో ఏదీ ఆగదని ఊరందరికీ తెలుసు, ఆ ఒక్కటే ఆగింది.

నేను తొమ్మిదో తరగతితో బడి ఎగ్గొట్టినవాణ్ణి. ఆయన క్లినిక్ పక్క గది నాది. క్లినిక్ మెట్ల మీద విడిచిన చెప్పులు కనపడకపోతే పేషంట్లు వెతకరు, దాచింది నేనేనని నేరుగా నా గదికొచ్చి తిడతారు. డాక్టరు గారు తిట్టలేదు. ఒకరోజు నా చెప్పులే ఎత్తుకెళ్ళి బీరువా మీద పెట్టి, ఎండలో నన్ను ఒట్టికాళ్ళతో సాయంత్రం దాకా తిప్పి, "నేల ఎట్లుండాదప్పా, సల్లగుండాదా?" అని అడిగారు. అప్పుడే అనుకున్నాను, ఈయన మనవాడేనని.

ఆయనకు నా పని మీద భలే ఆసక్తి. ఎన్ని అడుగులకు రాయి తగిలింది, రాయి తొలిచే బిట్టు ఎంత వేడెక్కింది, అన్నీ అడిగేవారు. తన పనీ అదేననేవారు. దవడ ఎముకలో ఇంప్లాంట్ మర వేయడానికి రంధ్రం చేసేటప్పుడు చల్లటి సెలైన్ నీళ్ళు ధారగా పడుతూనే ఉండాలట. కొంత తిప్పి ఆపాలి, మళ్ళీ తిప్పాలి. తొందరపడితే ఎముక ఉడికి చచ్చిపోతుంది, చచ్చిన ఎముక మరను పట్టదు.

"మర ఎక్కించేంత వరకే నా పని. పట్టుకునేది ఎముక. దానికి మూడు నెలలు టైమియ్యల్ల," అనేవారు.

"మీది పది మిల్లీమీటర్ల బోరు సార్. పైనుంచి నీళ్ళు పోసుకుంటారు. మాకు కిందనుంచి రావల్ల. యాడొస్తాయి?" అనేవాణ్ణి నేను.

కట్టుడు పళ్ళ పని ఇంకా చిత్రంగా ఉండేది. మైనంతో పళ్ళ వరస చేసి ముసలాయన నోట్లో పెట్టి, "మామ అను," అనేవారు. పెదాలు ఎక్కడ కలుస్తున్నాయో చూసేవారు. తర్వాత "సీసా" అనమనేవారు. మాట బయటికి వచ్చేటప్పుడు పైపళ్ళకూ కిందిపళ్ళకూ మధ్య సందు ఎంత ఉందో దాన్నిబట్టి తెలుస్తుందట. మాట సరిపోయేదాకా మైనం చెక్కుతూనే ఉండేవారు. గోడ అవతల నా గదిలో కూర్చుంటే మధ్యాహ్నం పూట ముసలి గొంతులు మామ, మామ, సీసా, సీసా అంటూ వినపడేవి. కొత్తగా వచ్చిన రైతులు నా వైపు భయంగా చూసేవాళ్ళు. "పక్కన దయ్యాలకు బడి పెట్టినారన్నా," అని చెప్పేవాణ్ణి.

నోటి అచ్చులు ఆయన పారేసేవారు కాదు. తెల్లటి సున్నపు దవడలు, వెనక గదిలో గోడ పొడుగునా గూళ్ళలో, కింద పెన్సిలుతో ఊరి పేరు, ఇంటి పేరు. ఆషాఢం గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటే గూళ్ళన్నీ అదిరి దవడలు ఒకదానికొకటి తగిలేవి. ఒకసారి ఆ చప్పుడు వింటూ ఆయన అన్నారు:

"వీళ్ళలో సగం మంది పోయినోళ్ళప్పా. అయినా నాకు కొలత ఇచ్చిన నోళ్ళే కదా."

నేను లేచి కిటికీ రెక్క గడియ పెట్టాను.

ఇక అసలు సంగతి. తను పళ్ళు కట్టిన మనిషి పోయాడని తెలిస్తే ఆయన క్లినిక్ వదిలేసి లేచేవారు. "బండి తీ," అనేవారు నాతో. చేల గట్ల మీద కారు పోదు, నా మోటారుసైకిలు పోతుంది. మొదటిసారి ఒక పెద్దరెడ్డి ఇంటికి వెళ్ళాం. పోయే ముందు ఎవరో పళ్ళు తీసి స్టీలు గ్లాసులో వేశారు. వరండాలో పడుకోబెట్టిన మనిషి ఎవరో నాకు గుర్తు తెలియలేదు. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముక్కుకు తగిలేలా ఉంది. రెడ్డి కోడలు చంటిబిడ్డ కళ్ళు మూసింది.

డాక్టరు గారు వేడినీళ్ళలో తువ్వాలు ముంచి చెవుల కింద, దవడ కీలు దగ్గర రెండు వైపులా అద్దారు. బొటనవేలు గడ్డం మీద పెట్టి కిందికి నొక్కుతూ, క్లినిక్‌లో కుర్చీ పక్కన నిలబడి అన్నట్టే, "రెడ్డీ, నోరు తెరువప్పా. రోంత," అన్నారు.

తెరుచుకుంది.

పైవరస, తర్వాత కిందివరస. గడ్డం కింద తువ్వాలు చుట్టి ఆనించి కాసేపు పట్టుకున్నారు. చెయ్యి తీసేసరికి అక్కడ పెద్దరెడ్డి ఉన్నాడు. అప్పటిదాకా రాయిలా కూర్చున్న రెడ్డి భార్య అప్పుడు గొల్లుమంది.

దారిలో అడిగాను. "ఎందుకు సార్ ఈ కష్టం? ఎట్లాగూ కాల్చేదే కదా."

"అది నేను కట్టిన మొగం. సగంలో యాడ వదిలేస్తా?" అన్నారు. "రెండు మూడు గంటలే టైము. ఎండాకాలం ఇంకా తక్కువ. దవడ బిగుసుకుంటే దేవుడొచ్చినా తెరవలేడు."

అలా ఎన్ని ఇళ్ళకు తిప్పానో. ఒక ముసలమ్మకు నోరు తెరవగానే లోపలినుంచి "హా..." అని వచ్చింది. నాకు తెలివి వచ్చేసరికి శనక్కాయ చేను మధ్యలో ఉన్నాను, ఒక చెప్పు లేదు. ఆయన నింపాదిగా బయటికొచ్చి, "గాలేనప్పా. లోపల మిగిలిపోయింది," అన్నారు.

"ముందర చెప్పాల్సింది సార్!"

"చెప్పింటే వచ్చేటోడివా?" అని బండెక్కారు. ఊరు దాటాక వెనకనుంచి మెల్లగా, "ఇన్నేండ్లలో ఒక్కతూరి మాత్రం గాలి కాదనిపించిందిలే," అన్నారు. ఏ ఊరు, ఎవరు అని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. ఆ తర్వాత ఆయన వెనక కూర్చుంటే నాకు మెడ మీద చల్లగా ఉండేది.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ క్లినిక్‌లోకి దూరాను. కుళాయి పక్కన గిన్నెలో పళ్ళ సెట్టు కనపడింది. నర్సమ్మను దడిపిద్దామని రెండు వరసలూ చేతుల్లోకి తీసుకుని, తెర చాటున నిలబడి, అడుగుల చప్పుడు కాగానే టకటకా కొట్టించాను. తెర పక్కకు జరిగింది. ఎదురుగా డాక్టరు గారి కోటు వేసుకుని ఎవరో ముసలాయన. నోరు గుంటలా లోపలికి పోయింది. కళ్ళు మాత్రం నాకు తెలిసినవే.

"ఇటియ్యప్పా," అంది ఆ నోరు.

ఇచ్చేశాను. కడిగి పైవరస పెట్టుకున్నారు. కిందివరస రెండు వేళ్ళతో సమంగా నొక్కారు. టిక్ మని చప్పుడైంది. ఎక్కడో పోయిన డాక్టరు గారు తిరిగొచ్చి ఆ మొహంలో కూర్చున్నారు.

చక్కెర జబ్బుతో చిగుళ్ళు పాడై పళ్ళన్నీ పోయాయట. బెంగుళూరు వెళ్ళి కింది దవడలో రెండు ఇంప్లాంట్లు వేయించుకున్నారు. వాటి తలలు గుండీల్లా బయటికి ఉంటాయి, కిందివరస వాటికి పట్టుకుంటుంది. అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

"పండ్ల డాక్టరుకే పండ్లు లేవంటే ఎవురొస్తారు?" అన్నారు. తర్వాత కుర్చీలో కూర్చుని నన్ను దగ్గరికి పిలిచారు. "తెలిసిపోయినాది కాబట్టి నేర్చుకో. నేను పోతే పెట్టాల్సింది నువ్వే. ఊరంతా వచ్చి చూస్తారు. నేనా మొగంతో పండుకోలేను."

"నన్నా సార్? నేను తొమ్మిదో తరగతి."

"రెండు పక్కలా సమంగా ఒత్తల్ల. ఒక పక్కే ఒత్తితే రెండోది లేస్తాది. చప్పుడు కోసం వినాకు. వేలికి తెలియల్ల." తీసి నా చేతికిచ్చారు. తన నోరే తెరిచి చూపించి ఐదుసార్లు పెట్టించారు. నా చెయ్యి వణికితే, "బతికినోడికే ఇట్లా వణికితే ఎట్లప్పా?" అని నవ్వారు, ఆ పళ్ళు లేని నోటితో.

మంగళవారం నేను సారు ఇల్లు చేరేసరికి కబురొచ్చి గంటన్నర దాటింది. చాప మీద పడుకోబెట్టారు. కళ్ళ దాకా తువ్వాలు కప్పి, దాని మీద చెయ్యి పెట్టి అమ్మ కూర్చుంది. సారు వాళ్ళ అన్న, పెద్దాయన, చేతిలో తెల్లగుడ్డ పేలిక పట్టుకుని అరుస్తున్నాడు.

"దవడ కట్టల్లమ్మా! నోరు తెరుచుకుని పాయె అంటే ఇంకొకర్ని పిలుస్తాడు. తువ్వాలు తియ్యి!"

అమ్మ కదలలేదు. గది నిండా జనం. ఇంకో నిమిషమైతే ఎవరో ఒకరు లాగేసేవాళ్ళే. నాకు చేతనైన పని ఒక్కటే, అదే చేశాను.

"పెద్దాయనా, ఆగు! సారు దవడలో బెంగుళూరు మరలు రెండు ఉండాయి. బ్యాటరీవి. తీయకుండా కట్టెల మీద పెడితే పేల్తాయి. చిలమత్తూరు పక్క ఒకాయనవి పేలి, కొరివి పెట్టినోడి మీసాలు పోయినాయి."

డాక్టరు గారికి పిల్లలు లేరు. కొరివి పెట్టాల్సింది పెద్దాయనే. ఆయన మీసం తడుముకున్నాడు.

"ఇప్పుడు తీసేటప్పుడు కూడా పేల్తాయా?"

"చెప్పలేం."

గది ఖాళీ అయింది. పెద్దాయనే ముందు దాటాడు.

అమ్మ తలుపు గడియ వేసి కొంగు చాటునుంచి గిన్నె తీసింది. "నీళ్ళు వేడి పెట్టినా," అని చెంబు జరిపి గోడవైపు తిరిగి కూర్చుంది. తువ్వాలు తీశాను. తెర వెనక చూసిన ఆ ముసలాయనే. ఈసారి కళ్ళు కూడా తెలిసినవి కావు.

వేడి గుడ్డ అద్దాను. గడ్డం నొక్కాను. కదలలేదు. మళ్ళీ అద్దాను. "సార్, నోరు తెరువు సార్. రోంత," అన్నాను. కీలు రాయిలా ఉంది. బయట పెద్దాయన "అయిందా?" అని అరుస్తున్నాడు. మూడోసారి గుడ్డ అద్ది, వేలు పెదాల మధ్య పెట్టి, "సార్, ఊరంతా బయట ఉండాది సార్," అన్నాను.

రెండు వేళ్ళ సందు వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పలేను.

పైవరస జారి కూర్చుంది. కిందివరస కుడివైపు పట్టుకుంది, ఎడమ పట్టలేదు. తీశాను. నా చెమట ఆయన బుగ్గ మీద పడింది. రెండు చూపుడువేళ్ళూ అటూ ఇటూ పెట్టి సమంగా ఒత్తాను. చప్పుడు రాలేదు. వేలికి తెలిసింది.

ఎడమ చెయ్యి తీశాను. కుడిచేతి వేలు తీసే లోపల దవడ పైకి వచ్చింది. నేను నొక్కలేదు. అమ్మ గోడవైపే ఉంది. వేలి మీద పళ్ళు దిగాయి, గట్టిగా, నొప్పి పుట్టేంత గట్టిగా. ఒకటి రెండు క్షణాలు. తర్వాత వదులైంది. లోపలి గాలి అనుకుందామా అంటే, గాలి కరవదు.

అమ్మ ఇటు తిరిగి చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడు ఏడ్చింది.

తలుపు తీయగానే పెద్దాయన తొంగి చూసి, "తీసినావా? యాడ, చూపీ," అన్నాడు. కుడిచెయ్యి పిడికిలి బిగించి, "తీసినా. చూస్తే కండ్లు పోతాయి," అన్నాను. ఆయన చేతిలోని పేలికతో ఇక పని లేకపోయింది.

సాయంత్రం కట్టెల దగ్గర జనమంతా పది గజాల దూరంలో నిలబడ్డారు. పెద్దాయన చెయ్యి బారెడు చాపి మొహం పక్కకు తిప్పుకుని కొరివి పెట్టాడు. నేను దగ్గరగా నిలబడ్డాను. పిడికిలి అప్పటికీ విప్పలేదు, జేబులో ఉంది. లోపల బొటనవేలితో తడిమి చూసుకుంటున్నాను. చూపుడువేలి మీద నాలుగు గుంటలు, వరసగా, ఇంకా పూడలేదు.