లాలాపేట్‌లో ఆగని ఫియట్టు

మొగిలయ్య చెడ్డవాడేమీ కాదు. కాకపోతే పనికిరాని వస్తువు కంటపడితే ఇంటికి తెచ్చుకోకుండా ఉండలేడు. అతను ఫిట్టరుగా పనిచేసిన నాచారం ఫ్యాక్టరీలో, షెడ్డు వెనక తుమ్మచెట్ల మధ్య సేటుగారి పాత ఫియట్టు ఒకటి పడి ఉండేది. ఫ్యాక్టరీ మూసేస్తున్న రోజున సేటు పరాచికానికి, "ఎవరికన్నా కావాలంటే తీసుకుపోండయ్యా" అన్నాడు. అందరూ నవ్వి ఊరుకున్నారు. మొగిలయ్య మాత్రం ట్రాక్టరు మాట్లాడుకుని వచ్చాడు.

తాడు కట్టిన ఫియట్టు చక్రాలు లేని పక్కకు ఒరుగుతూ గల్లీలోకి వచ్చేసరికి, మొగిలయ్య భార్య కౌసల్యమ్మకు అన్నయ్య అయిన హన్మయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అతనిది లాలాపేట్. రైల్వే వర్క్‌షాపులో పనిచేసినవాడు కాబట్టి ఇంజన్ల మీద తీర్పు చెప్పే హక్కు తనదేననుకుంటాడు.

"ఏంది బావా, పీనుగను మోస్కొచ్చినవ్?" అని పకపకా నవ్వాడు.

గల్లీ అంతా నవ్వింది. మొగిలయ్యకు తల కొట్టేసినట్టయింది. "సూస్తుండు బావా. దీంట్ల కూసొనే నీ ఇంటికొస్త. అందాక నేను రాను, నీ చెల్లె గూడ రాదు" అన్నాడు.

"గట్లనా? అయితే గిది నా ఇంటి ముంగట ఆగిన్నాడే నేను నీ గడప దొక్కుత!" అని హన్మయ్య చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అన్నకు అన్నం వడ్డించి పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కౌసల్యమ్మను ఇద్దరిలో ఒక్కరూ ఏమీ అడగలేదు.

ఆ తర్వాత ఫియట్టు ఇంటి ముందే స్థిరపడింది. ఏటా ఎండాకాలం దాని మీద మిరపకాయలు, వడియాలు ఎండేవి. వెనక సీటులో కోడి పొదిగింది. మొగిలయ్య మాత్రం ఆదివారం వస్తే దాని కిందికి దూరి, సాయంత్రానికి మసితో బయటికి వచ్చేవాడు. పక్కింటి పరంధామయ్య తెనాలి వైపు నుంచి వచ్చిన రిటైర్డు గుమాస్తా. గోడ మీదుగా పేపరు పట్టుకుని సలహాలు చెప్పడమే ఆయనకు ఉద్యోగం.

"మొగిలయ్య గారూ, వయసైపోయిందండీ దానికి. వదిలేద్దురూ!"

"మీకు గూడ అయింది గద సారూ. మిమ్మల్ని ఇడిసిపెట్టినమా?" అనేవాడు కింది నుంచి మొగిలయ్య.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో మరమ్మతు కన్నా మాటలే ఎక్కువ నడిచాయి. ఇలాగే ఇంకో పదేళ్లయినా గడిచిపోయేదే. కానీ ఒకనాడు వైర్లు లాగుదామని మొగిలయ్య స్టీరింగు పక్కనున్న సొరుగు తెరిచాడు. లోపలి నుంచి ఎండిన ఆకులు జలజలా రాలాయి. చేతిలోకి తీసుకుని చూస్తే అవి జమ్మి ఆకులు. దసరా సాయంత్రం బంగారమని చెప్పి పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కే ఆకులు.

"ఇవేందే?"

కౌసల్యమ్మ చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "అన్నకని ఏటా తెస్త. ఇయ్యనీకి పోరాదాయె. పారేయబుద్ధి గాదాయె. మీరిద్దరు మీ మాట మీద నిలవడ్డరు. నేనేడ నిలవడాలె?"

మొగిలయ్యకు ఇన్నాళ్లూ తను పంతమనుకున్నది ఇంకొకరి గుండెకోత అని తెలిసి సిగ్గేసింది. ఆకుల్ని ఏరి మళ్లీ సొరుగులోనే పెట్టాడు. ఆ రోజు నుంచి ఫియట్టు పని నిజంగా మొదలైంది. పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించాడు. దొరకని బోల్టులు తనే చేయించుకున్నాడు. వచ్చే దసరాకు కౌసల్యను లాలాపేట్ తీసుకెళ్లాల్సిందేనని ఒట్టు పెట్టుకున్నాడు.

దసరా ముందురోజు ఫియట్టు గల్లీ చివరిదాకా వెళ్లి వచ్చింది. పరంధామయ్య పేపరు కింద పడేసి చప్పట్లు కొట్టాడు.

పండుగనాడు బండికి పూజ. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. మొగిలయ్య ఆనందం పట్టలేక బానెట్ ఎత్తి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు ఇంజను మీద ధారగా పోశాడు. చిన్నప్పటి నుంచీ దేవుడికి అలాగే పోశాడు కదా మరి!

తాళం తిప్పితే బండి కుయ్యిమంది, కదల్లేదు.

"దిష్టి తగిలిందండీ" అన్నాడు పరంధామయ్య. నిజమేననిపించి మొగిలయ్య ఇంకో కాయ కొట్టి ఆ నీళ్లూ పోశాడు. ఈసారి కుయ్యి కూడా సన్నబడింది. గల్లీవాళ్లు తలా ఒక కాయ తెచ్చారు. దిష్టి పోయిన కొద్దీ బండి మొండికేసింది. ఆఖరికి బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది.

మొగిలయ్య ఏడుపు ముఖంతో ఇంజనుకు నిప్పురవ్వ అందించే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పాడు. లోపల నీళ్లు నిలిచి ఉన్నాయి. వేలు ముంచి నాలుకకు రాసుకుంటే తియ్యగా తగిలాయి.

"ఏమైతుందట?" అంది కౌసల్యమ్మ.

"కొబ్బరినీళ్లు తాగింది" అన్నాడు సిగ్గుపడుతూ.

కౌసల్యమ్మ మూత, వైర్లు అందుకుని, కొంగుతో తుడిచి, కారు మీద వడియాల గుడ్డ వేసి ఎండకు పరిచింది. తడిసినవాటిని ఆ కారు మీద ఎండబెట్టడంలో ఆమెకున్న అనుభవం ఊళ్లో ఎవరికుంది?

పొద్దు వాలుతుంటే అన్నీ బిగించి, అందరూ కలిసి తోశారు. నిమ్మకాయలు టపటపా చిట్లాయి. ఫియట్టు నాలుగు దగ్గులు దగ్గి అందుకుంది. కౌసల్యమ్మ ఆ ఏటి జమ్మితో వెనక సీటులోకి ఎక్కింది. తడి ఇంకా పూర్తిగా ఆరలేదేమో, కాస్త నెమ్మదిస్తే చాలు బండి ఆగిపోబోయేది. హబ్సిగూడ సిగ్నలు దగ్గర ఎర్రలైటు చూసి మొగిలయ్య దండం పెట్టి దాటేశాడు. పండుగ పూట కాబట్టి రోడ్డు ఖాళీగా ఉండి బతికిపోయారు.

లాలాపేట్‌లో హారను విని హన్మయ్య లుంగీ మీదే గుమ్మంలోకి వచ్చాడు. ఫియట్టు అతని ఎదుట నుంచి ఆగకుండా సాగిపోయింది.

"బావా, ఆపు!"

"ఆపితే మళ్ల లేవది బావా!"

మొగిలయ్య గల్లీ చుట్టి మళ్లీ వచ్చాడు. హన్మయ్య పక్కనే పరుగెత్తాడు. కౌసల్యమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి అన్న చేతిలో జమ్మి పెట్టింది. "కాళ్లు మొక్కుదామంటే నీ కాళ్లు ఆగుతలేవు గదన్నా!" అని ఏడుస్తూనే నవ్వింది. మూడో చుట్టుకు ఓపిక నశించి వెనక తలుపు తెరిచి, అన్న రెక్క పట్టుకుని లోపలికి లాగేసింది. హన్మయ్య ఒక చెప్పు లాలాపేట్‌లోనే ఉండిపోయింది.

నాచారం వచ్చేదాకా బండి ఆగలేదు. మొగిలయ్య ఇంటి ముందుకు రాగానే తనంతట తనే దగ్గి ఆగింది. హన్మయ్య దిగి, గడప దగ్గరికి వెళ్లి నిలబడిపోయాడు.

"నా ఇంటి ముంగట ఆగలే గద" అన్నాడు నేల చూస్తూ. ఆ గొంతులో పంతం కన్నా దిగులే ఎక్కువుంది.

కౌసల్యమ్మ సొరుగులోని ఎండిన జమ్మి అంతా దోసిట పట్టి తెచ్చి, అతని పాదాల మీద పోసి మొక్కింది. అవి ఎన్నేళ్లవో హన్మయ్యకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. కళ్లు తుడుచుకుని, ఒంటి చెప్పు విడిచి గడప దాటాడు.

కడుపునిండా తిన్నాక అతనికి ఇల్లు గుర్తొచ్చింది. "మరి నేను ఇంటికెట్ల పోవాలె చెల్లే?"

కౌసల్యమ్మ ఇంకో గరిటె పాయసం వడ్డించింది. "తొందరేముందన్నా? కారు మంచిగయినంక పోదువులే."